గూడేనికి పోయిన బెల్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట మా ఆయన పైకే అంటాడు, మా హెడ్మాస్టరు స్టీఫెన్ సార్ అనబోయి మింగేస్తాడు, పిల్లలు నా వెనక అనుకుంటారు. కాదనను. పొద్దున్నే కంభంలో బస్సెక్కి, అర్ధవీడు దాకా నిలబడి వచ్చి, సగం మంది హోంవర్కు చేయని తొమ్మిదో తరగతిలోకి అడుగుపెట్టే మనిషికి కోపం ఇంకెక్కడ ఉండాలో నాకు తెలియదు. నా పేరు నాగజ్యోతి. చెప్పేది జీవశాస్త్రం.

ఆ ఏడు ఫిబ్రవరిలో మా బడికి ఊపిరి బెల్టులు వచ్చాయి. ఏదో కాలేజీ వాళ్ళు పల్లె బళ్ళలో ప్రయోగాలు చేయించాలని పంపారు. ఛాతీ చుట్టూ కట్టుకునే సాగే పట్టీ, దాని మీద అగ్గిపెట్టెంత డబ్బా. గాలి పీలిస్తే రొమ్ము ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బును డబ్బా పసిగట్టి పక్కనే ఉన్న ట్యాబుకు పంపుతుంది. పీలిస్తే తెర మీద గీత పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. అంతకు మించి దాన్లో మాయ ఏమీ లేదు. స్టీఫెన్ సార్ మాత్రం వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, ఇవి బడి గేటు దాటడానికి వీల్లేదని నాకు రెండుసార్లు చెప్పాడు.

మొదటి రోజు ప్రయోగం కాలేదు, నవ్వులే అయ్యాయి. బెల్టు కట్టుకున్నవాడు నవ్వితే గీత రంపం పళ్ళలా ఎగురుతుంది, అది చూసి పక్కవాడు నవ్వుతాడు. నేను గట్టిగా అరిచాను. తెర మీద గీతలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. దానికి మళ్ళీ నవ్వారు. ఈసారి నేనూ ఆపుకోలేకపోయాను.

తర్వాత దారిలో పడ్డారు. గ్రౌండు చుట్టూ పరుగెత్తి వచ్చి కూర్చుంటే గీత ఎత్తుగా, దగ్గర దగ్గరగా లేస్తుంది. కాసేపటికి మెల్లగా సర్దుకుని మామూలు అలల్లోకి వస్తుంది. ఆ సర్దుకోవడం ఎవరికి ఎంతసేపు పడుతుందో చూడాలి. పాఠం పైకి చదివేటప్పుడు ఎట్లా ఉంటుంది, లెక్క చేసేటప్పుడు ఎట్లా ఉంటుంది, ఇవన్నీ చూశారు. అన్నిటికంటే వాళ్ళకు నచ్చింది సూదిలో దారం ఎక్కించే ప్రయోగం. దారం సూది బెజ్జం దగ్గరికి రాగానే అందరి గీతా చదునైపోయింది. ఒక్కరూ గాలి పీల్చలేదు, పీల్చడం లేదన్న సంగతి ఒక్కరికీ తెలియదు.

ఆ తర్వాత ఎవరి ప్రశ్న వాళ్ళే రాసుకు రమ్మన్నాను. ఉమ కాగితం మీద ఒకే వాక్యం రాసి తెచ్చింది. ‘మా నాయన ఊపిరి ఎట్లుందో చూడాల.’

ఉమ కొండ కింద చెంచుగూడెం పిల్ల. వారమంతా హాస్టల్లో ఉంటుంది, శనివారం ఇంటికి పోతుంది. పిలిస్తే పలుకుతుంది, లేకపోతే ఉన్నట్టే తెలియదు. ప్రయోగానికి ప్రశ్న అంటే ఇట్లా ఉండదని, రెండు విషయాల్ని పోల్చాలని, అయినా బెల్టు గేటు దాటదని ఆ పిల్లకు చెప్పాను. సరే టీచర్ అని పోయింది. మర్నాడు అదే వాక్యం ఇంకో కాగితం మీద రాసి తెచ్చింది. నాకు ఒళ్ళు మండింది. వరండాలోకి తీసుకుపోయి సంగతేమిటని గట్టిగానే అడిగాను.

"నాయన కొండ ఎక్కేటప్పుడు నడిమధ్యలో నిలబడతాండాడు టీచర్. ఏంది నాయనా అంటే పిట్టను చూస్తాండా అంటాడు. ఆడ పిట్ట ఉండదు."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. అక్కడే మెట్ల మీద కూర్చోబెట్టుకుని మిగతాది ఒక్కొక్క ముక్కే రాబట్టాను.

వాళ్ళ నాయన పెద్దమల్లయ్య తేనె తీసే మనిషి. కొండచరియకు వేలాడే తేనెపట్టుల దగ్గరికి పైనుంచి తాడు మీద దిగుతాడు. పొగ పెట్టినా సరే, పట్టు దగ్గర ఊపిరి వదలకూడదు. మనిషి ఊపిరి వేడి తగిలితే ఈగలు మొత్తం లేస్తాయి. తాడు మీద ఉన్నవాడికి పారిపోవడానికి దారి ఉండదు. అందుకే పట్టు కోసేంతసేపూ ఊపిరి బిగబట్టి, కాస్త పక్కకు ఊగి గాలి పీల్చుకుని, మళ్ళీ దగ్గరికి పోవాలి. పెద్దమల్లయ్యకు ఆ పనిలో చుట్టుపక్కల గూడేల్లో పేరుంది. అయితే చలికాలంలో జ్వరం, దగ్గు పట్టుకుని మార్కాపురం ఆసుపత్రిలో పడుకుని వచ్చాడు. ఛాతీ ఫోటో తీయాలి మళ్ళీ రమ్మన్నారు. పోలేదు. నాకేమైంది అంటాడు. ఇప్పుడు తేనె కాలం వస్తోంది. పట్టు ముందర దగ్గు వస్తే ఏమవుతుందో ఆ పిల్ల నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీ అమ్మ చెప్పొచ్చు కదా అన్నాను. అమ్మ మాట వినడట. ఈ విషయంలో వద్దనే హక్కు ఒక్కరికే ఉందట, వాళ్ళ మామ రామాంజికి. పైన తాడు పట్టుకుని కాపలా ఉండేది ఆయనే. ఆ గూడెంలో తేనె తాడు బావమరిదే, అంటే దిగేవాడి పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. అన్నదమ్ములు పట్టకూడదు, స్నేహితులు పట్టకూడదు. అన్నదమ్ములకు ఎప్పుడైనా బుద్ధి మారవచ్చు గానీ, తోబుట్టువు బొట్టు చెరిగిపోవాలని ఏ మగవాడూ కోరుకోడు అని వాళ్ళ లెక్క. నైలాను తాళ్ళు వచ్చినా ఆ పద్ధతి మారలేదు. రామాంజి పట్టనంటే పెద్దమల్లయ్య దిగలేడు. కానీ ఊరికే పట్టనంటే అది బావకు అవమానం, మళ్ళీ జన్మలో మొహం చూడడు. చేతిలో ఏదైనా రుజువు ఉండాలి.

"అందుకని బెల్టా?" అన్నాను.

ఉమ తల ఊపింది.

అది డాక్టరు మిషను కాదు, జబ్బు ఉందో లేదో అది చెప్పదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకో అని ఆ పిల్లకు గట్టిగా చెప్పాను. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన వారం, ఒక శనివారం, బెల్టునూ ట్యాబునూ నా హ్యాండుబ్యాగులో పెట్టుకున్నాను. స్టీఫెన్ సార్ బీరువా వైపు చూసి, నా వైపు చూసి, కిటికీలోంచి వేపచెట్టు చూడటం మొదలుపెట్టాడు.

ఆటోలో కొంత దూరం, నడక కొంత దూరం. గూడెం చేరేసరికి నా చెప్పులో రాయి దూరి, ఎండకు తల పగిలిపోతోంది. ఉమ వాళ్ళ అమ్మ గంగులమ్మ పందిట్లో మంచం వాల్చింది. పక్కింట్లోంచి ఇంకో ఆడమనిషి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆమె పుల్లమ్మ, పెద్దమల్లయ్య చెల్లెలు, రామాంజి భార్య. ఆ రెండిళ్ళవాళ్ళూ పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నారు. రామాంజి అక్క గంగులమ్మ ఈ ఇంటికి వస్తే, పెద్దమల్లయ్య చెల్లెలు పుల్లమ్మ ఆ ఇంటికి పోయింది. ఉమ దారిలోనే ఇదంతా చెప్పింది గానీ ఆ ఎండలో నాకు బుర్రకెక్కలేదు.

పెద్దమల్లయ్య పొట్టి మనిషి. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి తగిలించినంత పొడవు. బిడ్డ బడి పని అని చెబితే సంతోషంగా ఒప్పుకున్నాడు. ఏం చూస్తారమ్మా అని అడిగాడు. నీ ఊపిరి చూస్తామని చెప్పాను. చొక్కా విప్పి, నిటారుగా కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఉమ బెల్టు కట్టింది. గూడెంలో సగం మంది చుట్టూ చేరారు. రామాంజి నా భుజం పక్కనుంచి ట్యాబులోకి తొంగిచూస్తున్నాడు.

గీత లేవలేదు. చదునుగా, తెర ఈ చివరి నుంచి ఆ చివరికి సాగుతూనే ఉంది. బెల్టు వదులైందేమో చూడమని ఉమను కసిరాను. ఉమ సరిచేసింది. అప్పుడూ చదునే. ఇంత దూరం తెచ్చి ఒక బెల్టు సరిగ్గా కట్టలేవా అని అందరి ముందూ ఆ పిల్లను తిట్టాను. పుల్లమ్మ మెల్లగా నా చెయ్యి తట్టి, "మా అన్న మొహం చూడండమ్మా" అంది.

మొహం నల్లబడి, మెడ నరాలు తేలి ఉన్నాయి. అప్పటిదాకా ఆయన ఊపిరి బిగబట్టే ఉన్నాడు. నేను చూడగానే ఫుస్సుమని వదిలి, గెలిచినవాడిలా చుట్టూ చూశాడు. గూడెం అంతా నవ్వింది.

"ఊపిరి చూస్తారంటే బిగబట్టక ఏం చేస్తాం. ఊరికే పీల్చి వదిలేదానికి మిషనెందుకమ్మా?"

ఆయన దృష్టిలో పరీక్ష అయిపోయింది, పాసయ్యాడు. నాకూ నవ్వు వచ్చింది. అయితే ఉమ నవ్వడం లేదు. ట్యాబు నా ముందుకు తోసి తెర మీద వేలు పెట్టింది. బిగబట్టింది వదిలిన తర్వాత గీత ఎత్తుగా లేచింది, అది ఎవరికైనా లేస్తుంది. తర్వాత సర్దుకోవాలి కదా, సర్దుకోలేదు. ఒక అల పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో గీత వణుకుతోంది. అప్పటికి ఆయన చొక్కా వేసుకుని, తాపీగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. గీత మాత్రం గ్రౌండు చుట్టూ ఇంకా పరుగెత్తుతూనే ఉంది.

రామాంజి ముందుకు వచ్చి, బెల్టు తనకు కట్టమన్నాడు. తనూ అట్లాగే బిగబట్టాడు, ఆగలేక వదిలాడు. బావ బిగబట్టినంతలో సగం కూడా కాలేదు. దానికి అందరూ ఎగతాళి చేశారు. కానీ వదిలిన తర్వాత ఆయన గీత నాలుగు పెద్ద అలలు వేసి, మామూలైపోయింది. రామాంజి రెండు గీతలనూ ఒకదాని కింద ఒకటి పెట్టించుకుని చాలాసేపు చూశాడు. ఇదేమీ వైద్యం కాదు, ఆసుపత్రికి పోతేనే తెలుస్తుంది అని నేను చెబుతున్నాను గానీ, ఎవరూ వినడం లేదు.

"బావా," అన్నాడు రామాంజి, "ఈ ఏడు నేను తాడు పట్టను."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దమల్లయ్య ఇంకోసారి చెప్పమన్నట్టు చూశాడు. రామాంజి తల దించుకున్నాడు గానీ మాట మార్చలేదు. పెద్దమల్లయ్య లేచి, పందిరి రాటకు వేలాడుతున్న తాడు చుట్ట తీసుకుని, బావమరిది కాళ్ళ ముందు పడేశాడు. "నా ఊపిరి నాకు తెలీదంట, రబ్బరు ముక్కకు తెలుసంట" అని, మేకల దొడ్డి వైపు పోయాడు. గంగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు ఆటోలో నాకు ఏడుపు వచ్చింది. నా మీద నాకే కోపం కూడా వచ్చింది. రెండిళ్ళు ఒకే పందిరి కింద బతుకుతుంటే, హ్యాండుబ్యాగులో బెల్టు వేసుకుపోయి మధ్యలో గీత గీసి వచ్చాను. ఆసుపత్రికి పంపాలని పోయి, మనిషిని దొడ్డిలోకి పంపాను. బీరువాలో బెల్టు పెడుతుంటే స్టీఫెన్ సార్ ప్రయోగం ఎట్లా జరిగిందని అడిగాడు. మీకెందుకని విసుక్కున్నాను, పాపం.

తర్వాతి వారమంతా ఉమ బడికి రాలేదు. హాస్టలు వార్డెనును అడిగితే ఇంట్లో ఏదో గొడవట అంది. తేనె కాలం దాటితే ఆ ఇంటికి ఏడాది బతకడానికి సరిపడా డబ్బు రాదు, అది ఒక దిగులు. ఆ మనిషి మంకుతనంతో ఏ పరాయివాడినో తాడుకు పెట్టుకుని దిగితే? ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ తరగతిలో ఉమ కూర్చునే ఖాళీ చోటు వైపు చూసేదాన్ని.

సోమవారం ఉమ వచ్చింది. వచ్చీరాగానే మళ్ళీ బెల్టు అడిగింది. చాలదా నీకు అన్నాను. అప్పుడు చెప్పింది. వాళ్ళ మామ, నాయన ఒకరి మొహం ఒకరు చూడకుండా రోజులు గడిచాక, మేనత్త పుల్లమ్మ తాడు చుట్ట చంకన పెట్టుకుని అన్న దగ్గరికి పోయిందట. దాన్ని ఆయన మంచం మీద పెట్టి అడిగిందట.

"అత్త ఏమనిందంటే టీచర్, నా మొగుడు దిగుతాడు, నాకూ అన్న ఉండాడు గదా, ఆ అన్న పట్టడా తాడు, అనింది."

నేను అక్కడే ఆగిపోయాను. ఇచ్చిపుచ్చుకున్న పెళ్ళిళ్ళు కదా. రామాంజి పెద్దమల్లయ్యకు ఎంత బావమరిదో, పెద్దమల్లయ్య రామాంజికి అంత బావమరిది. ఆ గూడెం పద్ధతి ప్రకారం తాడు ఏ చివరైనా ఇద్దరిలో ఎవరైనా పట్టవచ్చు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తిరగెయ్యలేదు, అంతే. తన మొగుణ్ణి తాడు మీద దించి, ఆ తాడు అన్న చేతిలో పెట్టింది పుల్లమ్మ. ఆమెను చెంబు నీళ్ళు తెచ్చిన మనిషిగానే చూశానని సిగ్గేసింది.

నాయన సరేనన్నాడట. బెల్టు మామకు కట్టాలని ఉమ అనుకుంది. రామాంజి ఒప్పుకోలేదు. ఈగల ముందుకు పోయేటప్పుడు ఒంటి మీద కొత్త వాసన ఉండకూడదట, రబ్బరు వాసన అసలే కూడదట. అయితే నాయనకు కడతానంది. దిగని మనిషికి కట్టి ఏం చూస్తావు అన్నాను. ఏదో ఒకటి రాయాల గదా టీచర్ అంది.

తేనెకు పోయిన రోజు నేనూ పోయాను. ఆ కొండ నేను ఎట్లా ఎక్కానో చెప్పి నా పరువు తీసుకోను. మధ్యలో పెద్దమల్లయ్య రెండుసార్లు ఆగాడు. ఒకసారి పిట్టను చూశాడు, ఒకసారి నా కోసం ఆగానన్నాడు. ఆ రోజుకు ఆ అబద్ధం నాకూ పనికొచ్చింది.

పైన చరియ అంచుకు కాస్త వెనకగా ఉన్న ఒక మద్ది చెట్టు మొదలుకు తాడు కట్టారు. కింద ఆకులు రాజేసి పొగ వేశారు. రామాంజి నడుముకు తాడు బిగించుకుని అంచు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. బావ వైపు చూడకుండా దిగిపోయాడు. అంచు దాటాక మనిషి కనపడడు. పైవాడికి అందేదంతా తాడులో వచ్చే కదలికే. ఒక గుంజు అంటే ఇంకాస్త వదులు, రెండు గుంజులంటే ఆపు. పెద్దమల్లయ్య కాళ్ళు రాతికి తన్నిపెట్టి, తాడు చేతిలోంచి కొంచెం కొంచెం జార్చుతున్నాడు. నేనూ ఉమా వెనక రాతి మీద ట్యాబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. కొండ ఎక్కిన అలసట గీతలో కనిపిస్తోంది, మెల్లగా దిగుతోంది.

తాడు రెండుసార్లు గుంజింది. పట్టు దగ్గరికి చేరాడన్నమాట. కింద ఈగల హోరు పెరిగింది.

గీత చదునైపోయింది.

బెల్టు జారిందనుకున్నాను. అలవాటు కొద్దీ నోరు తెరిచాను. ఉమ నా మణికట్టు గట్టిగా పట్టుకుని వద్దన్నట్టు తల ఊపింది. పెద్దమల్లయ్య వీపు మా ముందే ఉంది, రాయిలా కదలకుండా ఉంది. ఆయన ముందు పొగ లేదు, ఈగలు లేవు, ఖాళీ గాలి ఉంది. ఆ గాలిలోంచి ఒక్క గుక్క కూడా లోపలికి తీసుకోవడం లేదు. తాడు పక్కకు ఊగింది. కింద రామాంజి గాలి పీల్చుకోవడానికి జరిగాడు. అప్పుడు గీత ఒక్కసారిగా ఎగిసింది. తాడు మళ్ళీ యథాస్థానానికి వచ్చింది, గీత మళ్ళీ చదునైంది. కింద ఉన్న మనిషి ఎప్పుడు బిగబట్టాడో, ఎప్పుడు వదిలాడో మాకు తెర మీద కనిపిస్తూనే ఉంది. బెల్టు మాత్రం పైవాడి ఒంటి మీద ఉంది.  ఆ ఛాతీతో ఆయన అట్లా బిగబట్టకూడదు. అరిచి చెప్పడానికి వీల్లేదు, తాడు ఆయన చేతిలో ఉంది.

రామాంజి పైకి వచ్చేసరికి చెవి మీద, కనుబొమ్మ మీద ఈగలు కుట్టి వాచిపోయింది. తేనె డబ్బా సగమే నిండింది. పెద్దమల్లయ్య అయితే నిండుగా తెచ్చేవాడని ఆయనే చెప్పుకుని నవ్వాడు. పెద్దమల్లయ్య తాడు వదిలి చతికిలపడ్డాడు, చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక ఉమ ట్యాబు తీసుకుపోయి నాయన ముందు పెట్టింది.

"ఈగలు కిందుంటే నువ్వెందుకు బిగబట్టినావు నాయనా?"

నేను బిగబట్టలేదన్నాడు. ఉమ గీత చూపించింది. ఈ చదును నువ్వే, ఇది కూడా నువ్వే అని వేలితో చూపుతూ పోయింది. ఆయన ఆ చదును గీతల మీద వేలు పెట్టి ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిపాడు. తర్వాత తలెత్తి బావమరిది వైపు చూశాడు. ఆ పందిట్లో గొడవ జరిగిన తర్వాత ఆయన రామాంజి మొహం సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"ఇన్నేండ్లూ పైన నువ్వూ ఇట్లనేనా?"

రామాంజి చెవికి అంటిన మైనం తుడుచుకుంటున్నాడు.

"ఊపిరి నీకొక్కనికే ఉందనుకుంటివా బావా" అన్నాడు.

పెద్దమల్లయ్య బెల్టు తనే విప్పి, మడిచి, ఉమ చేతిలో పెట్టాడు. తాడు చుట్ట చుట్టడం మొదలుపెట్టి, సగంలో ఆగి, ఎవరూ అడగకుండానే ఉమతో అన్నాడు, సోమవారం మార్కాపురం పోదాం, ఆ ఛాతీ ఫోటో ఏందో తీయించుకుందాం, పొద్దున బస్సు ఎన్నింటికో మీ టీచరమ్మను అడుగు, అని. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.